నా చుక్కల గీతను మింగేసిన హెడ్‌సెట్

పురావస్తు తవ్వకాల్లో కందకం అంచున నిలబడవద్దని ఇరవై రెండేళ్లుగా కుర్రవాళ్లను కేకలేస్తున్నాను. అంచు మట్టి రాలితే నిలువు కోత, అంటే పొరలు కనిపించే కందకం గోడ, పాడవుతుంది, కింద పనిచేసేవాళ్ల నెత్తిన పడుతుంది. మేం ఎనిమిదేళ్ల క్రితం తవ్వి, పట్టా పరిచి, తిరిగి మట్టితో పూడ్చేసిన కందకం, కళ్లకు వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ తగిలించుకోగానే, నా కాళ్ల ముందు తెరుచుకుంది. నేను చేసిన మొదటి పని రెండడుగులు వెనక్కి వేయడం. వెనక పుస్తకాల బీరువా ఉంది. మోచేతి నొప్పి వారం రోజులు తగ్గలేదు. కాబట్టి మొదటి సలహా ఇక్కడే చెప్పేస్తున్నాను: చుట్టూ కనీసం రెండు మీటర్ల ఖాళీ చూసుకోండి. హద్దు గీత దాటితే హెడ్‌సెట్ హెచ్చరిస్తుంది, నిజమే. కానీ పాత అలవాటుతో వెనక్కి దూకే మనిషికి ఆ హెచ్చరిక అందేలోపే బీరువా తగులుతుంది.

పురావస్తు తవ్వకాల సమాచారాన్ని వర్చువల్ రియాలిటీలో చూపించే సాఫ్ట్‌వేర్ ఇది. ఆరు వారాలు వాడాను. పేరు రాయడం లేదు. తయారుచేసినది చిన్న బృందం, వాడి చూసి చెప్పమని మాకు ఇచ్చారు, ఇంకా మార్పులు చేస్తూనే ఉన్నారు. ఇప్పుడు నేను ఎత్తిచూపే లోపాన్ని వాళ్లు రేపు సరిదిద్దవచ్చు. ఇలాంటివి మరికొన్ని కూడా ఉన్నాయి కనుక, వేటిని పరీక్షించి చూడాలో తెలిస్తే ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు నా పక్షపాతం చెప్పాలి. నేను నిలువు కోతలు గీసే మనిషిని. కందకం గోడను తాపీతో నునుపుగా చెక్కి, అడ్డంగా మట్టపు దారం కట్టి, టేపు పట్టుకుని, గుండు దారం వేలాడదీసి, ఒక్కో పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో గ్రాఫు కాగితం మీదికి ఎక్కిస్తాను. నేల మీది ఇరవై సెంటీమీటర్లు కాగితం మీద ఒక సెంటీమీటరు. రెండు పొరల మధ్య హద్దు స్పష్టంగా ఉంటే గట్టి గీత. అనుమానంగా ఉంటే చుక్కల గీత, పక్కన ప్రశ్నార్థకం. ఈ పనిలో చెయ్యి తిరగడానికి ఒక ఏడాది చాలు. ఎక్కడ గట్టి గీత గీయకూడదో తెలియడానికి పదేళ్లు పట్టింది.

తవ్వకం అంటేనే పాడుచేయడం. కింది పొర చూడాలంటే పై పొరను తీసేయక తప్పదు, తీసినదాన్ని తిరిగి పెట్టలేం. చివరికి మిగిలేవి సంచుల్లో పెంకులు, పెట్టెల్లో ఎముకలు, కాగితాల మీద గీతలు, ఫోటోలు, చోటునూ ఎత్తునూ కొలిచే టోటల్ స్టేషన్ యంత్రం చెప్పిన అంకెలు. వీటన్నిటినీ పోగుచేసి ఆ కందకాన్ని మనసులో మళ్లీ కట్టుకోవాలి. అనుభవం ఉన్నవాళ్లు కట్టుకుంటారు. మిగతావాళ్లు తల ఊపుతారు. ఆ మానసిక కందకాన్ని బయటికి తెచ్చి అందరి ముందు పెట్టాలన్నదే ఇలాంటి సాఫ్ట్‌వేర్ల ఆశయం.

ఈ ఆశయం కొత్తదేమీ కాదు. 1992లో చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు ‘కేవ్’ అనే గదిని ప్రదర్శించారు. గోడల మీద, నేల మీద బొమ్మలు పడతాయి. ప్రత్యేకమైన కళ్లద్దాలతో లోపల నిలబడితే లోతు కనిపిస్తుంది. బ్రౌన్ విశ్వవిద్యాలయం అలాంటి గదిలోకే జోర్డాన్‌లోని పెట్రా మహాలయం తవ్వకాల సమాచారాన్ని ఎక్కించింది. మార్తా జుకోవ్‌స్కీ ఆధ్వర్యంలో 1993లో మొదలైన తవ్వకాలవి. ‘ఆర్కేవ్’ అనే ఆ వ్యవస్థలో, అక్కడ దొరికిన దీపాలు ఎక్కడెక్కడ ఎలా పరుచుకున్నాయో చూసి 2001లో పరిశోధన పత్రం వేశారు. ఆ పత్రం చదివిన రోజుల్లో నవ్వుకున్నాను. దీపాలు ఎక్కడున్నాయో చూడటానికి ఒక గదంత యంత్రం కావాలా అని. ఆ నవ్వును ఈ ఆరు వారాల్లో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, ఎందుకో కింద చెబుతాను.

తర్వాత తుర్కియేలోని చాతల్‌హోయుక్ వచ్చింది. ఇంటి మీద ఇల్లు కట్టుకుంటూ పోయిన నవీన శిలాయుగపు ఊరు అది. తూర్పు దిబ్బలో 18 నివాస స్థాయిలు ఉన్నాయి. మనుషులు కప్పు మీది నుంచి నిచ్చెనతో ఇంట్లోకి దిగేవారు, చనిపోయినవారిని ఇంటి నేల కిందే పాతిపెట్టేవారు. ఏది దేని కింద ఉందన్నదే అక్కడ అసలు కథ కాబట్టి చదునైన పటాలతో ఆ ఊరిని చూపడం కష్టం. మౌరిజియో ఫోర్టే బృందం అక్కడి తవ్వకాలను త్రీడీలో నమోదు చేసింది. నికోలా లెర్కారి, ఫోర్టే తదితరులు హెడ్‌సెట్‌తో చూసే ‘డిగ్ఇట్’ అనే అనువర్తనం గురించి 2017లో రాశారు. ఇక 2016 నుంచి మంచి హెడ్‌సెట్లు మామూలు కొనుగోలుదారులకు కూడా అందుబాటులోకి రావడంతో గదంత యంత్రం అవసరం తీరింది. బీరువా బెడద మాత్రం అలాగే ఉంది, మోచేతికి.

అసలు శ్రమ హెడ్‌సెట్ పెట్టుకోకముందే ఉంది. ఆ సంగతి ప్రచార చిత్రాల్లో చూపించరు. మా దగ్గర రోజువారీ ఫోటోలు ఉన్నాయి. ఒక ఫోటోలో కనిపించే భాగం పక్క ఫోటోలో సగానికి పైగా మళ్లీ కనిపించేలా తీస్తే, ఫోటోగ్రామెట్రీ సాఫ్ట్‌వేర్ వాటిలోని ఉమ్మడి గుర్తులు పట్టుకుని ఉపరితలాన్ని లెక్కకట్టి పెడుతుంది. మొదటి రెండు వారాల ఫోటోలు ఆ పద్ధతి తెలియకముందు తీసినవి, కుదరలేదు. మిగతావాటి నుంచి పదకొండు ఉపరితలాలు వచ్చాయి. ఉపరితలాన్ని చిన్న చిన్న త్రిభుజాలతో అల్లుతుంది అది, ఒక్కోటి కోట్ల త్రిభుజాల బరువు. హెడ్‌సెట్ సెకనుకు దాదాపు 90 చిత్రాలు రెండు కళ్లకూ విడివిడిగా గీయాలి, అంటే ఒక్కో చిత్రానికి 11 మిల్లీసెకన్లు. అంత బరువు మోయలేదు కాబట్టి త్రిభుజాలను ఇరవయ్యో వంతుకు తగ్గించాం. ఆ తగ్గింపులో తాపీ గాట్లు పోయాయి, ఇటుకల అంచులు సబ్బుబిళ్లల్లా గుండ్రబడ్డాయి. తర్వాత నమోదు పత్రాలు, వస్తువుల పట్టిక, పొరల హద్దులు వేటికవి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఒక్క కందకానికి ఇద్దరికి మూడు వారాలు పట్టింది. మీ రికార్డులు చక్కగా ఉంటే తక్కువ పట్టవచ్చు. చక్కగా ఉన్న రికార్డులు నేనింకా చూడలేదు.

ఇక లోపలికి వెళ్దాం. కందకం అసలు పరిమాణంలో కనిపిస్తుంది. ఈ ఒక్క మాటే వంద బొమ్మల పెట్టు. నాలుగు మీటర్ల లోతు అని నివేదికలో చదవడం వేరు, ఆ అడుగున నిలబడి తల ఎత్తి చూడటం వేరు. తవ్వకంలో ఎన్నడూ లేని మా విద్యార్థిని ఒకతె లోపలికి దిగి, కాసేపు కదలకుండా నిలబడి, “మేడమ్, ఈ గోడ మీద కాలు పెట్టవచ్చా?” అని అడిగింది. లేని గోడ మీద కాలు పెట్టడానికి అనుమతి! అప్పుడే ఆ అమ్మాయికి మా పని అబ్బుతుందనిపించింది.

చేతిలో పట్టుకునే కంట్రోలర్ బొత్తాం నొక్కితే కందకం బల్ల మీది బొమ్మంత అవుతుంది, చేతుల్లో తిప్పి చూడవచ్చు. బాగుందని అందరూ మెచ్చుకున్నారు, నేను రెండుసార్లు వాడి వదిలేశాను. బొమ్మంత చూడాలంటే కంప్యూటర్ తెర చాలు.

నాకు బాగా నచ్చింది హారిస్ మాట్రిక్స్‌ను కందకంతో ముడిపెట్టిన తీరు. ఎడ్వర్డ్ హారిస్ 1973లో ఇంగ్లండ్‌లోని వించెస్టర్‌లో రూపొందించిన ఈ పటంలో ఒక్కో పొరకు ఒక్కో పెట్టె. ఏది ముందు, ఏది తర్వాత అన్నది గీతలు చెబుతాయి. కాలక్రమం తప్ప చోటు గురించి ఒక్క ముక్క చెప్పదు. పొరలు వంద దాటితే అది సాలెగూడు. ఇక్కడ ఆ పటం ఎడమ చేతి పక్కన పలకలా తేలుతూ ఉంటుంది. ఒక పెట్టెను తాకితే కందకంలో ఆ పొర వెలుగుతుంది, దాని మీదివన్నీ మాయమవుతాయి. కాలంలో వెనక్కి వెళ్తుంటే కాళ్ల కింద నేల దిగుతూ పోతుంది. మా పటంలో రెండు పొరల వరుస తలకిందులైందని మొదటి గంటలోనే తెలిసింది. కింద ఉన్న పొయ్యి పైన ఉన్న నేలకన్నా తర్వాతిదని రాసి ఉంది. ఎనిమిదేళ్లుగా, అచ్చయిన నివేదికలో కూడా, అలాగే ఉంది. ఎవరు రాశారో చేతిరాత చూడకుండానే చెప్పగలను, అది నేనే.

రెండో రోజు ఒక దీపపు ముక్క గాల్లో వేలాడుతూ కనిపించింది. నేలకు సరిగ్గా అరమీటరు పైన, తన చుట్టూ ఏమీ లేకుండా. దానితో పాటు మరో పదమూడు వస్తువులు కూడా అంతే ఎత్తులో. పట్టిక తిరగేస్తే అన్నీ ఒకే మధ్యాహ్నం నమోదైనవి. టోటల్ స్టేషన్‌తో ఎత్తు కొలిచేటప్పుడు అద్దం బిగించిన కర్ర పొడుగును యంత్రానికి చెప్పాలి. ఆ పూట రెండు మీటర్లకు పెంచిన కర్రను ఒకటిన్నర అని నమోదు చేశారు. అందుకే అన్నీ అరమీటరు పైకి తేలాయి. అంకెల వరుసలో ఈ తప్పు ఎనిమిదేళ్లు దాక్కుంది. కళ్ల ముందు దీపం తేలితే దాక్కోలేదు. పెట్రా దీపాల పత్రం మీద నా నవ్వు వెనక్కి తీసుకున్నది ఇక్కడే.

ఇప్పుడు అసలు విషయం. ఉత్తర మూలన 23వ పొర మాకు ఎప్పుడూ తలనొప్పే. చేతితో మలిచిన పాత కుండల పెంకుల మధ్య, చక్రం మీద చేసిన తర్వాతి కాలపు పెంకులు దొరికాయి. నివేదికలో “ఈ పొర కలగలిసిపోయింది” అని ఒక వాక్యం రాసి చేతులు దులుపుకున్నాం. హెడ్‌సెట్‌లో ఉపరితలాలన్నీ దాచేసి, పెంకులను చుక్కలుగా మాత్రమే ఉంచాను. చేతితో చేసినవి నీలం, చక్రం మీద చేసినవి ఎరుపు. పై నుంచి చూస్తే నీలం ఎరుపు కలిపి చల్లిన ముగ్గు. పక్క నుంచి చూసినా అంతే. విసుగొచ్చి నిజంగానే గది నేల మీద వెల్లకిలా పడుకున్నాను. పొర కింది నుంచి పైకి చూశాను. నీలం చుక్కలు చాపలా పరుచుకుని ఉన్నాయి. ఎర్రచుక్కలు ఒకేచోట గరాటులా కిందికి దిగి, కొస నా ముక్కు మీదికి వచ్చింది.

గుంట. పై పొర నుంచి ఎవరో తవ్విన గుంట. ఆ మట్టి, చుట్టూ ఉన్న మట్టి ఒకే రంగులో ఉండడం వల్ల తవ్వేటప్పుడు తప్పిపోయింది.

లేచి వెంటనే సంబరపడలేదు. చుక్కలు కనిపిస్తే ఆకారాలు వెతుక్కోవడం కళ్లకు అలవాటు. ఎలుక బొరియ కూడా పెంకులను కిందికి దింపుతుంది. ఆ మూలన మాత్రమే సన్నని జల్లెడ వాడి ఉంటే అక్కడ చుక్కలు దట్టంగా కనిపించడంలో వింత లేదు. జల్లెడ నమోదు చూశాను, పొరంతటికీ ఒకటే జల్లెడ. గోడ ఫోటోను పెద్దది చేసి వెలుగు మార్చి చూస్తే, ఉండీ లేనట్టు ఒక వాలు గీత. ఆ తర్వాత నా సొంత బొమ్మ తీశాను, కాగితం మీది పాత బొమ్మ. అదే చోట చుక్కల గీత. పక్కన నా చేతిరాతలో: “మెత్తని బూడిదరంగు మట్టి. గుంటా?”

అంటే ఎనిమిదేళ్ల క్రితం నాకు అనుమానం వచ్చింది, రాసి పెట్టాను. మరి త్రీడీలో ఆ గీత ఏది? వెతికాను. లేదు. పొరల హద్దులు ఎక్కించేటప్పుడు ప్రతి పొరా మూసిన ఆకారంగా ఉండి తీరాలి. ఆ నమూనాలో హద్దు ఉంది అనాలి, లేదా లేదు అనాలి. ఎక్కించిన కుర్రవాడు చుక్కల గీతను చూసి, ఖాయం కాదు కదా అని వదిలేశాడు. మరోచోట ఇంకో చుక్కల గీతను గట్టి గీతగా మార్చాడు, పాపం ఆకారం మూయాలి కదా. అతని తప్పు కాదు, అతనికి మూడో దారి ఇవ్వలేదు. ఫలితంగా లోపల అన్ని పొరలూ ఒకే ధీమాతో మెరుస్తుంటాయి. వర్షం పడిన మర్నాడు బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఇది పొరా, నీళ్లు ఇంకిన మరకా అని ముగ్గురం వాదించుకున్న హద్దు కూడా, రాతి గోడ ఎంత నిశ్చయంగా ఉందో అంత నిశ్చయంగా ఉంది. కాగితం చూసేవాళ్లకు అది కాగితమని గుర్తుంటుంది. కందకంలో నిలబడినవాళ్లు మాత్రం కళ్లారా చూశామనుకుంటారు.

కాబట్టి ఈ సాఫ్ట్‌వేర్ నాకు గుంటను చూపించింది, అదే చేత్తో గుంట ఉందన్న నా అనుమానాన్ని చెరిపేసింది. దీనికి ఎన్ని మార్కులు వేయాలో నాకు తెలియలేదు.

మిగతా లోపాలు త్వరగా చెబుతాను. మట్టి రంగును నమ్మవద్దు. ఫోటో తీసిన వేళను బట్టి, తడిని బట్టి రంగు మారుతుంది. పక్కపక్కన రెండు రోజుల ఉపరితలాలు రెండు వేర్వేరు ఊళ్లలా కనిపిస్తాయి. మధ్యాహ్నపు నీడలు గోడకు అతుక్కుపోయాయి, కొత్తవాళ్లు వాటిని బూడిద పొరలనుకున్నారు. రంగు కోసం, రంగుల నమూనాలుండే మన్సెల్ పట్టికతో పోల్చి రాసిన పాత కాగితమే దిక్కు. కొలతలూ అంతే. గోడ మందం మా నమోదులో 46 సెంటీమీటర్లు, లోపలి టేపుతో కొలిస్తే 43. అంచులు గుండ్రబడ్డాయని ముందే చెప్పాను కదా. నమోదు పత్రాలు గాల్లో పలకలుగా తెరుచుకుంటాయి, ఓ పేజీ చదివేసరికి కళ్లు లాగుతాయి. నాలా కళ్లజోడు ఉన్నవాళ్లు ముందు కటకాల మధ్య దూరం తమ కళ్లకు సరిపోయేలా సరిచేసుకోండి. మూడు రోజుల తలనొప్పి తర్వాత, ఆ దూరాన్ని సరిచేసే చక్రం ఒకటుందని నాకు తెలిసింది.

కడుపులో తిప్పడం గురించి కూడా అడుగుతారు. ఎగురుతూ తిరిగితే తిప్పుతుంది. కదిలామని కళ్లు చెబుతుంటే కదల్లేదని లోపలి చెవి చెబుతుంది, మధ్యలో కడుపు నలుగుతుంది. ఒక చోటు చూపించి అక్కడికి ఒక్కసారిగా చేరే పద్ధతి వాడితే ఏమీ కాలేదు. బరువైన ఉపరితలం తెరిచినప్పుడు చిత్రం తడబడితే మాత్రం వెంటనే కళ్లు మూసుకోండి. ఒక దఫాకు ఇరవై నిమిషాలు మించనివ్వలేదు నేను.

ఇద్దరు ఒకేసారి దిగే సదుపాయం గురించి మాత్రం ఒక మాట. ఎముకలు పరిశీలించే సహోద్యోగి వేరే ఖండంలో ఉంటారు. ఇద్దరం ఒకే కందకంలో కలుసుకున్నాం. అక్కడ ఆయన ఒక తల, రెండు చేతులు మాత్రమే. “ఈ దవడ ఎముక పక్కన ఉన్న రాయి” అని ఆయన వేలు చూపించారు, నేను వంగి చూశాను. ఇదే సంగతి తేల్చడానికి ఇదివరకు బాణం గుర్తులు పెట్టిన ఫోటోలు పంపుకుంటూ రెండు నెలలు గడిపాం. ఇక్కడ పది నిమిషాలు పట్టింది, అందులో నాలుగు నిమిషాలు ఆయన మాట వినిపించక పోయినవే.

ఎవరు తీసుకోవాలి? తవ్వకం ముగిసి, రికార్డులు సరిచూసుకుని, నివేదిక రాయబోతున్న బృందం తప్పక వాడి చూడాలి. తప్పులు పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి సాధనం నేను చూడలేదు. విద్యార్థులకు లోతు అర్థం కావాలన్నా సరే. తవ్వకంలో లేనివాళ్లకు ఇదే తవ్వకమని ఇచ్చేసి, దాని మీద కొత్త నిర్ధారణలు చేయమంటే నేను ఒప్పుకోను. కాగితం బొమ్మలు పక్కన బల్ల మీద ఉండాలి, వాటిని గీసినవాళ్లు ఫోనుకైనా దొరకాలి.

తయారుచేసినవాళ్లకు చుక్కల గీత గురించి పెద్ద ఉత్తరం రాశాను. మర్యాదగా, త్వరగానే జవాబిచ్చారు. నా మాట విన్నారు కూడా. వచ్చే రూపంలో ప్రతి హద్దుకూ ‘నమ్మకం’ అనే గడి ఉంటుందట. సున్నా నుంచి నూరు దాకా అంకె వేస్తే, తక్కువ నమ్మకమున్న హద్దు అంతకంతకు పలచగా కనిపిస్తుందట. పరీక్షకని ఆ గడి ఉన్న ఫైలు పంపి, 23వ పొరతో మొదలుపెట్టమన్నారు.

నిన్న సాయంత్రం ఉత్తర మూల తెరిచి కూర్చున్నాను. అరవై వేశాను. ఆ రోజు మట్టి మెత్తగా ఉండటం గుర్తొచ్చి డెబ్భై చేశాను. అంతకుముందు రాత్రి వాన పడిందని గుర్తొచ్చి నలభైకి దించాను. తర్వాత ఆ గడి చెరిపేసి, పక్కనున్న వ్యాఖ్యల గడిలో “గుంటా?” అని రాసి పంపాను.